‘పికప్ ది స్లాక్’ అని అప్రైజల్‌లో రాస్తే తోటివాళ్ళ మీద చాడీ చెప్పినట్టు అవుతుందా?

లింగంపల్లి లోకల్:
అందరికీ నమస్కారం. మా ఆఫీసులో సెల్ఫ్ అప్రైజల్ ఫారం, అంటే మన పని గురించి మనమే రాసి ఇచ్చే ఫారం, నింపే టైమ్ ఇది. శుక్రవారం సాయంత్రంలోపు సబ్మిట్ చెయ్యాలి. అన్నీ నింపాను, ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను.

మాది పేమెంట్స్ అప్లికేషన్ చూసే చిన్న టీమ్. ఒకావిడ ప్రసూతి సెలవులో ఉన్నారు. ఆవిడ చూసే రీకన్సిలియేషన్ (లెక్కలు సరిపోయాయో లేదో పోల్చి చూసే) మాడ్యూల్ మొత్తం నాకు వచ్చింది. ఇంకో అతను రోజూ సీట్లోనే ఉంటాడు కానీ పని ముందుకు జరగదు. స్టాండప్‌లో, అంటే ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగ్‌లో, ‘ఇన్ ప్రోగ్రెస్’ అంటాడు. రిలీజ్ ముందు రోజు రాత్రి అతని టికెట్లు (ఒక్కొక్కరికి అప్పగించిన పనులు) నా పేరు మీదికి మారతాయి. కాల్‌లో ఏదైనా ఆగిపోయిందంటే చాలు, మా మేనేజర్ నోట వచ్చే మాట ‘సమ్‌బడీ హ్యాజ్ టు పికప్ ది స్లాక్’, అంటే ఒకరు చెయ్యకుండా మిగిలిన పని ఇంకెవరో ఒకరు అందుకోవాలి అని. చివరికి ఆ పని నా దగ్గరికే వస్తుంది.

అదే మాట పట్టుకుని ఫారంలో ‘ఐ పిక్డ్ అప్ ది స్లాక్ ఫర్ మై టీమ్ మెంబర్స్’ అని రాశాను. ఇంగ్లీషు కరెక్టేనా? కరెక్టే అయినా చదివేవాళ్ళకి ఎలా వినిపిస్తుంది? ఆవిడ నాకు బాగా కావలసిన మనిషి. రేపు ఇది ఆవిడ కంటపడితే నొచ్చుకుంటుందేమో అని టెన్షన్‌గా ఉంది.

ఇర్వింగ్ తెలుగు:
ఇంగ్లీషులో తప్పేమీ లేదండీ. ‘ది’ మాత్రం వదలకండి, ఎవరి వంతు పని చేశారో వాళ్ళ పేరు ముందు ‘ఫర్’ పెట్టండి, అంతే. ఇక్కడ అమెరికాలో ఆఫీసుల్లో రోజూ వినే మాటే ఇది. ‘టేక్ అప్ ది స్లాక్’ అన్నా అర్థం ఒకటే. బ్రిటన్ వైపు అది ఎక్కువగా వినిపిస్తుంది.

దీన్ని పక్కనున్న మాటలతో కలపకుండా చూసుకోండి. ‘కట్ మీ సమ్ స్లాక్’ అంటే నా మీద కాస్త దయ ఉంచు, మరీ గట్టిగా పట్టుకోకు అని. ‘స్లాకింగ్ ఆఫ్’ అంటే పని ఎగ్గొట్టడం. ‘స్లాకర్’ అంటే పని దొంగ. ఈ చివరి రెండూ జనం చెవుల్లో ఉంటాయి కాబట్టి మీ వాక్యం చదివినప్పుడు ఆ వాసన కొంచెం తగలొచ్చు.

కాజీపేట గార్డు:
నాయనా, నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. మా నోటికి మాత్రం గార్డే. ఈ స్లాక్ అనే మాట మాకు రోజూ ఉండేది, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

బొగ్గు రేకు, అంటే బొగ్గు మోసే గూడ్సు బండికి 58 బాక్స్‌ఎన్ వ్యాగన్లు, అన్నిటికన్నా వెనక గార్డు ఉండే మా బ్రేక్ వ్యాను. సిగ్నల్ ఇచ్చాక ముందు ఇంజను కదిలినా వెనక మా వ్యాను కదలదు. ప్రతి రెండు వ్యాగన్ల మధ్య కప్లింగ్‌లో కొంచెం వదులు ఉంటుంది. మొదటి వ్యాగన్ కదిలి ఆ వదులు బిగిస్తేనే రెండోది కదులుతుంది, రెండోది బిగిస్తే మూడోది. ఆ చప్పుడు ముందు నుంచి దడదడమంటూ వెనక్కి వస్తుంది. అది మన దగ్గరికి చేరేలోపు కడ్డీ గట్టిగా పట్టుకోకపోతే పడిపోతాం. అనుభవమున్న డ్రైవరు మొదట మెల్లగా లాగుతాడు. వదులంతా బిగిసిందని తెలిశాకే నాచ్, అంటే ఇంజను లాగే బలం, పెంచుతాడు. తొందరపడి ఒక్కసారిగా లాగితే మధ్యలో కప్లింగ్ తెగి బండి రెండు ముక్కలవుతుంది.

ఇంకో సంగతి. ఆ వదులు పనికిమాలినది కాదు. అది ఉండబట్టే అంత బరువు ఒకేసారి ఇంజను మీద పడకుండా ఒక్కో వ్యాగనూ వంతులవారీగా కదులుతుంది. ఓడల్లో, టగ్గుల్లో మోకు లాగేవాళ్ళు కూడా ముందు ఈ వదులే బిగిస్తారు. ఇంగ్లీషువాళ్ళకి ఈ నానుడి తాళ్ళ దగ్గరే పుట్టింది. కాబట్టి స్లాక్ అనేది మధ్యలో ఉన్న వదులు గురించి చెప్పే మాట. ఎవరినీ తిట్టే మాట కాదు. ధైర్యంగా రాసుకో.

రెండో షిఫ్ట్:
పెద్దాయనా, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ ఆఫీసులో వదులు దానంతట అది రాదండీ. ఒకడు పని చెయ్యకపోతే వస్తుంది. ఆ రెండో అతని సంగతి చూడండి, ఆరోగ్యం బాగుంది, జీతం వస్తోంది, టికెట్ మాత్రం కదలదు. దాన్ని కూడా ‘మధ్యలో ఉన్న వదులు’ అని సర్దేస్తే చేసేవాడు చేస్తూనే ఉంటాడు. మెత్తని వాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

లింగంపల్లి అన్నా, నా సలహా ఒకటే. పేరు పెట్టి రాయి. ఎవరి టికెట్లు, ఏ రోజు నీ మీదికి మారాయి, అన్నీ. మర్యాద కోసం మనం మింగేసిన మాటలన్నీ రేటింగ్ దగ్గర మనకే ఎదురొస్తాయి. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు? మోసేవాడు కనీసం ‘నేను మోస్తున్నాను’ అని గట్టిగా చెప్పుకోవాలి కదా.

తార్నాక ఎంఏ:
తాడు మాట వచ్చింది కాబట్టి నా సబ్జెక్టులో ఉన్న ఒక పాత ప్రయోగం చెప్తాను. రింగెల్‌మాన్ అని ఫ్రాన్సులో వ్యవసాయ ఇంజనీరు ఉండేవాడు. మనుషుల చేత తాడు లాగించి, ఎంత బలం పడుతోందో కొలిచాడు. ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కడే లాగినప్పుడు పెట్టిన బలం, గుంపులో లాగినప్పుడు పెట్టడం లేదు. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి వంతు దాదాపు సగానికి పడిపోయింది.

అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం వల్ల అలా జరిగిందేమో అన్న అనుమానం మిగిలింది. దాన్ని 1974లో అమెరికాలో తేల్చారు. మనిషి కళ్ళకు గంతలు కట్టి తాడు ముందు నిలబెట్టారు. వెనక ఇంకొంతమంది లాగుతున్నట్టు చప్పుడు చేస్తారు, నిజానికి లాగరు. ముందున్నవాడు ఒక్కడే లాగుతున్నాడు, అయినా అందరితో కలిసి లాగుతున్నాననుకుని బలం తగ్గించాడు. దీన్నే సోషల్ లోఫింగ్ అంటారు. ఇది కావాలని చేసే సోమరితనం కానక్కర్లేదు, తెలియకుండా కూడా జరుగుతుంది. తర్వాత 1981లో వచ్చిన ప్రయోగాల్లో ఎవరి వంతు ఎంతో విడిగా తెలిసిపోతుందని ముందే చెప్తే ఈ తగ్గుదల దాదాపు పోయింది.

కాబట్టి రెండో షిఫ్ట్ గారు చెప్పినదాంట్లో సగం నాకు నచ్చింది. ఎవరి పని ఎవరు చేశారో కనపడాలి. పేరు పెట్టి తిట్టడం మాత్రం అనవసరం. టికెట్ హిస్టరీ కనపడేలా పెడితే పేరు దానంతట అదే తెలుస్తుంది.

గోదారి సైట్ ఇంజనీర్:
చిన్న మాట. మా ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘టోటల్ స్లాక్’ అని ఒక కాలమ్ ఉంటుంది. ఒక పని ఎన్ని రోజులు ఆలస్యమైనా మొత్తం ప్రాజెక్టు ఆగకుండా ఉంటుందో అది చెప్తుంది. సున్నా అయితే అది క్రిటికల్ పాత్ మీద ఉన్నట్టు, అంటే ఆ పని ఆలస్యమైతే ప్రాజెక్టే ఆలస్యం. అక్కడ స్లాక్ ఎంత ఉంటే మాకు అంత నిశ్చింత. మీ మేనేజర్ గారి ప్లాన్‌లో మనిషి సెలవు పెడితే సర్దడానికి ఒక్క రోజు కూడా ఉంచలేదు, ఆ కొరత మీ రాత్రులతో తీరుస్తున్నారు. దీన్ని కూడా ఫారంలో ఎక్కడో ఒకచోట చెప్పండి.

బడిగంట:
మాది ప్రకాశం జిల్లా, హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. మా దగ్గర ఈ పనికి అడ్జస్ట్‌మెంట్ అంటాం. ఒక టీచరు రాకపోతే ఆ పీరియడ్ ఎవరికి లీజర్ (ఖాళీ) ఉంటే వాళ్ళకి పడుతుంది. పొద్దున్నే హెచ్.ఎం. గారు రిజిస్టర్లో రాసి అటెండరు చేతికిస్తారు, అతను తిరిగి సంతకాలు పెట్టించుకుంటాడు. పరీక్షల తర్వాత స్పాట్ వాల్యుయేషన్‌కి, అంటే పేపర్లు దిద్దడానికి, సగం మంది వెళ్ళిపోయినప్పుడు చూడాలి, ఉన్నవాళ్ళకి లీజర్ అనే మాటే ఉండదు. నేను లేని రోజు లెక్కల మాస్టారు నా తెలుగు మీడియం పిల్లల దగ్గర కూర్చుంటే, ఆయన లేని రోజు నేను ఆయన క్లాసులో ఎక్కాలు అప్పజెప్పించుకుంటాను.

ఆ రిజిస్టర్ గురించి ఎందుకు చెప్తున్నానంటే, అందులో కాలమ్‌లు చూడండి. రానివాళ్ళ పేరు, కారణం, వాళ్ళ బదులు వెళ్ళినవాళ్ళ పేరు, సంతకం. కారణం దగ్గర సీఎల్ (మామూలు సెలవు) అనో, ఓడీ (బయట డ్యూటీ) అనో, మెటర్నిటీ అనో ఒక్క మాట. అంతకుమించి వ్యాఖ్యానం లేదు. దాని వల్ల ఎవరి మనసూ నొవ్వదు, చేసినవాళ్ళ పని ఎటూ పోదు. మా ఇన్‌స్పెక్షన్‌లో నా పేరు ఎన్నిసార్లు ఉందో అధికారులే లెక్కపెట్టుకున్నారు.

లింగంపల్లి బాబూ, నీ వాక్యంలో తేడా వచ్చింది కారణం దగ్గర. ఇద్దరినీ ‘మై టీమ్ మెంబర్స్’ అని ఒకే గాటన కట్టేశావు. పసిబిడ్డ తల్లినీ, సీట్లో కూర్చుని పని చెయ్యనివాణ్ణీ ఒకే స్లాక్ కింద వేస్తే ఆవిడకి అన్యాయం, అతనికి లాభం. విడదీసి రాయి.

రెండో షిఫ్ట్:
మాస్టారూ, ఇది ఒప్పుకుంటాను. విడదీసి రాయడం బాగుంది. ఆవిడ విషయంలో నాకసలు ఏ ఫిర్యాదూ లేదు, నేనన్నదంతా రెండో అతని గురించే.

మిడ్‌లాండ్స్ నర్సు:
నేను ఇంగ్లండ్‌లో వార్డు నర్సుని, సొంతూరు గుంటూరు దగ్గర. ఇక్కడ మనుషులు తక్కువ ఉన్న షిఫ్టులు మామూలే. ‘టేక్ అప్ ది స్లాక్’ వింటాను కానీ, ఒక మనిషి సెలవులో ఉన్నప్పుడు ఎక్కువగా ‘ఐ కవర్డ్ హర్ షిఫ్ట్’ అంటాం. లింగంపల్లి గారు ఆవిడ సంగతి రాసేటప్పుడు ఆ ‘కవర్’ మాట వాడుకోవచ్చు. అందులో ఎవరినీ తక్కువ చేసిన భావన ఉండదు.

ఒక జాగ్రత్త. ‘ఐ కవర్డ్ ఫర్ హర్’ అంటే రెండర్థాలు వస్తాయి. ఆవిడ బదులు పని చేశాననీ అవుతుంది, ఆవిడ తప్పు బయటపడకుండా కాపాడాననీ అవుతుంది. మన తెలుగులో ‘వాడు భలే కవర్ చేశాడ్రా’ అంటే ఏమనుకుంటామో తెలుసు కదా. అందుకే ‘కవర్’ తర్వాత మనిషిని కాకుండా పనిని పెట్టండి. కవర్డ్ ద మాడ్యూల్, కవర్డ్ ద షిఫ్ట్.

ఇక్కడి వాళ్ళు వాడే ఇంకో మాట ‘క్యారీ ది క్యాన్’. అది వేరే, ఇతరులు చేసిన తప్పుకి తిట్లు మనం తినడం. మీ రెండో అతని టికెట్లు ఆలస్యమై మీరు చీవాట్లు తిన్న రోజు అయితే అది సరిపోతుంది. అప్రైజల్‌లో మాత్రం వద్దు.

బెజవాడ టీమ్‌లీడ్:
అవతలి వైపు నుంచి చెప్తాను. ఈ ఫారాలు చదివేది నాలాంటివాళ్ళే. ‘పిక్డ్ అప్ ది స్లాక్’ అన్న వాక్యం చాలామంది రాస్తారు. నాకు దాని వల్ల ఏమీ తెలియదు. ఏ పని, ఎప్పటి నుంచి, ఏ ఫలితం అన్నవి లేకపోతే నేను నా పై మేనేజర్ ముందు ఈ మనిషి తరఫున ఏం వాదించను? రేటింగ్ మీటింగ్‌లో ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలు. ‘ఇతను బాగా కష్టపడ్డాడు’ అంటే ఎవరూ వినరు. ‘తన సొంత మాడ్యూల్‌తో పాటు రీకన్సిలియేషన్ కూడా చూశాడు, నెలాఖరు క్లోజింగ్ ఒక్కసారి కూడా ఆగలేదు’ అంటే వింటారు.

రెండో అతని సంగతి సెల్ఫ్ అప్రైజల్‌లో అసలు రాయకండి. అది మీ గురించిన ఫారం. అందులో ఇంకొకరి మీద ఫిర్యాదు కనిపిస్తే చదివేవాడి మనసులో మొదట అనుమానం వచ్చేది రాసినవాడి మీదే. న్యాయమా అంటే కాదు, కానీ జరిగేది అదే. అతని విషయం మీ మేనేజర్‌తో విడిగా కూర్చుని మాట్లాడండి. టికెట్ల జాబితా ముందు పెట్టండి. ‘ఇవి రిలీజ్ ముందు రోజు నాకు వచ్చాయి, వచ్చే స్ప్రింట్ (తర్వాతి విడత పని) నుంచి ఏం చేద్దాం?’ అని అడగండి. పరిష్కారం చూపడం ఆయన పని, ఆయన్నే చెయ్యనివ్వండి.

రెండో షిఫ్ట్:
విడిగా మాట్లాడితే ‘చూద్దాం’ అని పంపేస్తారు సార్. అందరం చూసిందే.

బెజవాడ టీమ్‌లీడ్:
అలా పంపేసేవాళ్ళు ఉన్నారు, నిజం. అందుకే మాట్లాడిన సాయంత్రమే ‘ఇవాళ మనం అనుకున్నవి ఇవి’ అని రెండు లైన్ల మెయిల్ పెట్టమంటాను. రాతలో ఉన్నదాన్ని ‘చూద్దాం’ అని దాటెయ్యడం అంత తేలిక కాదు.

క్యూఏ అమ్మ:
ఇందాకటి నుంచి చదువుతున్నాను. సెలవులో ఉన్న ఆవిడ వైపు నుంచి ఇంకా ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను టెస్టింగ్‌లో పని చేస్తాను, ప్రసూతి సెలవు ముగించుకుని తిరిగి చేరినదాన్ని.

2017లో చట్టం మార్చాక మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు మన హక్కు అయింది. అంతకుముందు 12 వారాలే. ఆ 26 వారాలకి ప్లాన్ చేసుకోవాల్సింది కంపెనీ. బిడ్డ పుట్టే తేదీ నెలల ముందే అందరికీ తెలుసు. అకస్మాత్తుగా వచ్చిపడిన ఆపద కాదు. నేను వెళ్ళేముందు నా టెస్ట్ కేసులన్నీ డాక్యుమెంట్ చేసి, వారాల తరబడి కేటీ ఇచ్చి, అంటే నా పని ఎలా చెయ్యాలో నేర్పించి వెళ్ళాను. అయినా ఒక కాల్ రికార్డింగ్‌లో నా పనిని ‘స్లాక్’ అన్నారు. అది విన్నప్పుడు ఇంగ్లీషు నానుడి ఎక్కడ పుట్టిందో నాకు గుర్తు రాలేదు. నేను వదిలేసి పోయినట్టు, నా భారం వాళ్ళు ఈడ్చినట్టు అనిపించింది. రాత్రి బిడ్డకి పాలిస్తూ కూడా అదే మాట తిరిగింది.

గార్డు తాతగారు చెప్పిన అర్థం నిజమే అయ్యుంటుంది. కానీ వినేవాళ్ళు మాటని డిక్షనరీ ముందు పెట్టుకుని వినరు కదండీ. ఇర్వింగ్ గారు చెప్పిన ఆ వాసనే తగిలేది.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. నేను తిరిగి వచ్చేసరికి నా మాడ్యూల్ నాది కాదు. ‘ఇప్పుడు అతను బాగా చూస్తున్నాడు కదా, మీరు రిగ్రెషన్ (పాతవి ఇంకా సరిగ్గా పని చేస్తున్నాయో చూసే టెస్టింగ్) చూడండి’ అన్నారు. ఎన్నేళ్ళుగానో నేను కట్టుకున్న పని. నా బదులు చేసిన అబ్బాయి చెడ్డవాడు కాదు. అతని అప్రైజల్‌లో ఆ మాడ్యూల్ తన పనిగా పడిపోయింది, అంతే. ‘తాత్కాలికంగా’ అన్న ఒక్క మాట ఎక్కడా రాయలేదు.

లింగంపల్లి తమ్ముడూ, ఆవిడ నొచ్చుకుంటుందేమో అని నువ్వు అడగడమే నాకు చాలా సంతోషంగా ఉంది. ఒక్క పని చెయ్యి. ఆవిడ వచ్చేవరకు చూస్తున్నాను అని స్పష్టంగా రాయి.

కాజీపేట గార్డు:
అమ్మా, నీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మాకు డ్యూటీ మారినప్పుడు చార్జి ఇచ్చిన టైమూ పుచ్చుకున్న టైమూ రెండూ రాస్తాం. ఒకటే రాస్తే లెక్క కుదరదు. ఈ అబ్బాయి పుచ్చుకున్నది రాశాడు, తిరిగి ఇచ్చేది రాయలేదు.

లింగంపల్లి లోకల్:
అందరికీ చాలా చాలా థాంక్స్. క్యూఏ అమ్మ అక్కా, మీరు రాసింది చదివాక ఫారం మళ్ళీ తెరిచాను. మాడ్యూల్ తిరిగి అప్పగించడం అన్న సంగతి నిజంగా నా ఆలోచనలో లేదు.

స్లాక్ అన్న మాట తీసేశాను. ఇప్పుడు రాసింది తెలుగులో చెప్తాను: ‘నా సొంత మాడ్యూల్‌తో పాటు, సహోద్యోగి ప్రసూతి సెలవులో ఉన్నందున రీకన్సిలియేషన్ మాడ్యూల్‌ను ఆమె తిరిగి వచ్చేవరకు చూస్తున్నాను. ఆమె ఇచ్చిన డాక్యుమెంట్ల వల్ల నెలాఖరు క్లోజింగ్ ఆలస్యం లేకుండా జరిగింది.’ రెండో వాక్యం నేనే కలిపాను. అది నిజం కూడా. ఆవిడ రాసిపెట్టిన నోట్స్ లేకపోతే మొదటి నెలలోనే చేతులెత్తేసేవాణ్ణి.

రెండో అతని సంగతి ఫారంలో లేదు. టికెట్ల జాబితా తీసి మేనేజర్‌కి మీటింగ్ ఇన్వైట్ పంపాను, గురువారం మధ్యాహ్నం. మాట్లాడాక మెయిల్ కూడా పెడతాను.

ఒక సందేహం మిగిలింది. ఆవిడ వచ్చాక అప్పగించడం ఎలా మొదలుపెట్టాలి? వచ్చిన రోజే మొత్తం నెత్తిన పెడితే అదీ కష్టమే కదా.

క్యూఏ అమ్మ:
వచ్చే ముందు వారం ఆవిడకి వీలుంటేనే ఒక ఫోన్ చెయ్యి తమ్ముడూ. పని గురించి కాదు, ఎలా ఉన్నారని. చేరాక మొదటి నెలాఖరు క్లోజింగ్ నువ్వే నడుపు, ఆవిడ పక్కన కూర్చుని చూస్తారు. రెండో నెల ఆవిడ నడుపుతారు, నువ్వు పక్కన ఉంటావు. మూడో నెల నుంచి టికెట్లు నేరుగా ఆవిడ పేరు మీదే పడేలా బోర్డులో మార్చమని మేనేజర్‌ని అడుగు. ఆ డేట్ కూడా గురువారం మెయిల్‌లోనే రాసెయ్యి. తర్వాత అడిగితే ‘ఇప్పుడెందుకు కదపడం’ అంటారు.

బెజవాడ టీమ్‌లీడ్:
ఈ మూడు నెలల పద్ధతి బాగుందండీ. మా టీమ్‌లో వచ్చే నెల ఒకావిడ సెలవు నుంచి వస్తున్నారు, ఇదే పెడతాను.